హిమాయత్‌నగర్ అక్క బిల్లు 4,409, కాప్రా చెల్లెలి బిల్లు 4,426: ఇదెక్కడి లెక్క?

కాప్రా టీచరమ్మ

నమస్కారం. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు తప్పవు. ఒకటి ఆవకాయకు కారం పట్టించడం, రెండోది ముప్పయ్యో తేదీ లోపల ఇంటి పన్ను కట్టేయడం. ఏడాది పన్ను ఒకేసారి కట్టేవాళ్ళకు ఆ నెలలో అయిదు శాతం తగ్గిస్తారు. నాకు 221 రూపాయలు కలిసివస్తాయి, మామిడికాయలకు సరిపోతాయి.

ఈసారి మా అక్క తన పన్ను కూడా నన్నే కట్టమంది. ఫోనులో డబ్బు పంపాలంటే ఆవిడకు భయం. అలా ఇద్దరి బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేకపోయాను.

నా ఫ్లాటు హైదరాబాదు శివారు కాప్రాలో, 1,150 చదరపు అడుగులు. 2012లో కొన్నాం, పన్ను కూడా అప్పుడే వేశారు. అక్క ఫ్లాటు హిమాయత్‌నగర్‌లో, 1,400 చదరపు అడుగులు, నాకంటే పదేళ్ళు ముందు కట్టిన అపార్ట్‌మెంటు. చదరపు అడుగుకు నెలసరి అద్దె విలువ నాకు రూపాయి పది పైసలు వేశారు, ఆవిడకు తొంభై పైసలు. నా పన్ను 4,426, ఆవిడది 4,409. తేడా 17 రూపాయలు. ఆ 17 కూడా నాకే ఎక్కువ.

ఇక బయటి అద్దెలు చూడండి. మా అపార్ట్‌మెంటులో నా ఫ్లాటంత ఫ్లాటే నిరుడు 16,000కు అద్దెకు వెళ్ళింది. అక్క వాళ్ళ పై అంతస్తులో అదే కొలతల ఫ్లాటు 32,000. అంటే నా ఇంటికి రాగల అద్దెలో పన్ను 2.3 శాతం, అక్క ఇంటికి 1.15 శాతం. సరిగ్గా సగం! బయట చదరపు అడుగుకు మా వైపు దాదాపు 14 రూపాయలు, అక్కడ 23 నడుస్తుంటే, బిల్లులో మాత్రం నాది ఖరీదైన పేట, ఆవిడది చవక పేట. రూపాయి పది పైసలకు ఈ నగరంలో ఇల్లు ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెబితే నేనే వెళ్ళి దిగుతాను.

మాది 2007 దాకా వేరే మునిసిపాలిటీ. ఆ ఏడాది ఏప్రిల్ 16న పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఊరు ఒకటే అయింది. పన్ను పుస్తకం మాత్రం ఒకటి కాలేదని నా అనుమానం. తెలిసినవాళ్ళు చెప్పండి: ఈ రేటు ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి వేస్తారు? అక్క బిల్లు చూపించి నా పన్ను తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చా?

(అక్కకు ఈ పోస్టు సంగతి చెప్పలేదు. చెప్పకండి.)

రిటైరయిన రెవెన్యూ సెక్షన్

టీచరమ్మ గారూ, నేను హైదరాబాదులో కాదు, వేరే ఊళ్ళో మునిసిపాలిటీ రెవెన్యూ విభాగంలో ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేశాను. ముందు మీ బిల్లు సరిగ్గా ఉందో లేదో చూద్దాం. 1,150ని 1.10తో గుణిస్తే నెలకు 1,265. పన్నెండు నెలలకు 15,180. తరుగుదల పది శాతం తీసేస్తే 13,662. దాని మీద 30 శాతం పన్ను 4,098 రూపాయల 60 పైసలు. ఆ పన్ను మీద ఎనిమిది శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే 4,426. బిల్లు సరే. ఇంత చాకిరీ అక్కర్లేదు, నెల విలువను మూడున్నరతో గుణించండి, రూపాయి అటూ ఇటూగా అదే వస్తుంది. దుకాణాలకు వాళ్ళు వాడేదే ఆ మూడున్నర సూత్రం.

లెక్కలో తప్పు లేదు, లెక్క మొదలయ్యే అంకెలోనే ఉంది కిటుకంతా. చట్టం అడిగేది "ఈ ఇంటికి సహేతుకంగా ఎంత అద్దె రాగలదు" అని. దాన్ని పేట, కట్టడం తీరు, వాడకం బట్టి చదరపు అడుగుకు ఇంత అని ముందే ఖాయం చేస్తారు. ఇంటికి మొదటిసారి పన్ను వేసిన రోజున ఆ రేటు రిజిస్టరులోకి ఎక్కుతుంది. మళ్ళీ ఊరంతటికీ సవరణ జరిగేదాకా దిగదు, పెరగదు. మీ అక్కగారి ఇల్లు ఎక్కిన నాటికి హిమాయత్‌నగర్ అద్దెలు వేరు. మీది ఎక్కిన 2012 నాటికి కాప్రా అప్పుడే పెరుగుతున్న పేట. ఆ తరువాత నగరం నడిచింది, రిజిస్టరు కూర్చుంది. మీరిద్దరూ కడుతున్నది ఈనాటి అద్దె మీద పన్ను కాదమ్మా, మీ మీ ఇళ్ళు రిజిస్టరులోకి ఎక్కిన నాటి అద్దె మీద పన్ను.

దానికి తోడు శ్లాబులు చూడండి. నెల విలువ 50 రూపాయల లోపు ఉంటే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం, 200 దాకా 19, 300 దాకా 22, ఆ పైన 30. కాగితం మీద లేనివాడికి తక్కువ, ఉన్నవాడికి ఎక్కువ. కానీ ఆ 300 నెల అద్దె అన్న సంగతి మరచిపోవద్దు. మీ రేటు ప్రకారం 273 చదరపు అడుగులు దాటిన ప్రతి ఇల్లూ పై మెట్టు మీదే ఉంటుంది. ఒంటిగది సంసారమూ, జూబ్లీహిల్స్‌లో ఆరువేల అడుగుల బంగళా రెండూ 30 శాతమే. మెట్లు కట్టి, అందరినీ ఒకే మెట్టు మీద నిలబెట్టారు.

సవరించవచ్చు కదా అంటారు. ఎవరు సవరిస్తారు? 2016లో కార్పొరేషన్ ఎన్నికల ముందు, 1,200 లోపు పన్ను ఉన్న ఇళ్ళు 101 రూపాయలు కడితే చాలన్నారు. 2020 నవంబరులో, మళ్ళీ ఎన్నికల ముందే, 15,000 లోపు ఉన్నవాళ్ళకు ఆ ఏడాదికి సగం మాఫీ చేశారు. మంచి పనే, కాదనను. కానీ ఆ 101లో కూడా మీరడిగిన చిక్కే ఉంది. అర్ధరూపాయి రేటు ఉన్న వీధిలో 680 అడుగుల ఇంటికి పన్ను 1,190, కనుక 101 కడితే సరి. రూపాయి రేటు ఉన్న వీధిలో 345 అడుగుల ఇంటికి 1,207, అంతా కట్టాల్సిందే. సగం ఇంటికి పన్నెండు రెట్ల పన్ను!

మీ రెండో ప్రశ్న. రివిజన్ పిటిషన్ పెట్టవచ్చు. కానీ హిమాయత్‌నగర్ బిల్లు చూపిస్తే "ఆ పేట వేరు, ఈ పేట వేరు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మీ వీధిలో, మీలాంటి కట్టడానికి, మీకంటే తక్కువ రేటు వేసి ఉంటే ఆ నంబర్లు రాయండి, అప్పుడు వినక తప్పదు. అంతకంటే ముందు కొలత చూసుకోండి. సగం వివాదాలు రేటు మీద కాదు, కొలత మీదే తేలిపోతాయి.

కొలత అంటే గుర్తొచ్చింది. నా ఉద్యోగం మొదట్లో మా సెక్షన్‌లో ఒక గుడ్డ టేపు ఉండేది. వాడి వాడి మొదటి అడుగు చినిగిపోయింది, కత్తిరించేశారు. కాబట్టి "ఒకటి" దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చినదాంట్లో ఒకటి తీసేయాలి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎండలో ఒక వీధంతా కొలిచాను. 30 అడుగులకు 40 అడుగుల ఇల్లు నా పుస్తకంలో 31కి 41 అయింది, 1,200కు 1,271. ఒక మేస్త్రీ గారు వచ్చి "బాబూ, నేను కట్టిన ఇల్లు నాకు తెలియకుండా ఎప్పుడు పెరిగింది" అని అడిగేదాకా తెలియలేదు. వీధంతా మళ్ళీ కొలిచాను, ఈసారి రాత్రిపూట, లాంతరు పట్టుకుని. కాబట్టి మీరు కొలిచేటప్పుడు టేపు మొదలు చూసుకోండి.

గాజువాక నివాసి

మీరు అద్దె విలువ పాతబడిపోయిందని బాధపడుతున్నారు. మా వైపు దాన్ని మార్చేశారు, ఆ ముచ్చట కూడా వినండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉన్న స్థలం విలువ, దానికి కట్టడం విలువ కలిపి, నివాసాలకైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం లోపల ఏ ఊరి రేటు ఆ ఊరు పెట్టుకోవాలి. ఒక్కసారి మీద పడితే జనం తట్టుకోలేరని పాత ఇళ్ళకు ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్నారు.

విలువ పాతబడదు, నిజమే. కానీ ఆ 15 శాతం దగ్గర కొత్త పేచీ. మా ఫ్లాటు పాతది, అంతకు ముందు 3,000 కట్టేవాళ్ళం. ఏటా 15 చొప్పున అయిదు మెట్లు ఎక్కితే 6,034. మా పైన డాబా మీద 2022లో వేసిన ఇంటికి పాత పన్నే లేదు కనుక మెట్లూ లేవు. మొదటి ఏడాదే మొత్తం విలువ మీద 8,900. ఒకే లిఫ్టు, ఒకే నీళ్ళ ట్యాంకు. ఆ ఇంటాయన కలిసినప్పుడల్లా "మీరు పాతకాపులండీ" అంటాడు.

పేటల సంగతికి వస్తే, స్థలం విలువ పెరిగిందంటే అక్కడున్న మనిషి జేబు నిండిందని కాదు. విశాఖ బీచ్ రోడ్డు పక్క జాలరిపేట చూడండి. సముద్రం ఎదురుగా స్థలం, గజం విలువ చెప్పనక్కర్లేదు. ఉండేది వలలు బాగుచేసుకునేవాళ్ళు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇళ్ళకు ఏడాదికి 50 రూపాయలే అన్న నిబంధన ఒకటి ఉండబట్టి కొందరికి ఊపిరాడుతోంది. కొడుక్కు పెళ్ళి చేసి పైన ఒక గది వేస్తే ఆ గీత దాటేస్తారు.

నా మటుకు నాకు, మీ రూపాయి పది పైసల పుస్తకమే ప్రాణానికి హాయిగా కనిపిస్తోంది.

క్వీన్స్ నుంచి

పదిహేడేళ్ళుగా న్యూయార్క్‌లో ఉంటున్నాను, మాది గుంటూరు. గాజువాక వారు చెప్పిన 15 శాతం లాంటి కట్టుబాటు ఇక్కడ 1981 నుంచీ ఉంది, ఇంకా బిగువుగా. ఒకటి నుంచి మూడు కుటుంబాలుండే ఇళ్ళకు పన్ను లెక్కలోకి తీసుకునే విలువ ఏడాదికి 6 శాతం, అయిదేళ్ళలో 20 శాతం మించి పెంచకూడదు. ముసలివాళ్ళను కాపాడటానికని చెబుతారు. జరిగేదేమిటంటే, ధరలు ఎగిరిపోయే పేటలో లెక్క విలువ ఎప్పటికీ అసలు విలువను అందుకోలేదు. ధరలు నత్తనడక నడిచే పేటలో ఇట్టే అందుకుంటుంది. అందుకే బ్రూక్లిన్‌లో పార్క్ స్లోప్ లాంటి సంపన్నుల వీధిలో లక్షల డాలర్ల ఇంటివాడు తన ఇంటి విలువలో పన్నుగా కట్టే శాతం, అదే బ్రూక్లిన్‌లో కెనార్సీలో నర్సమ్మ కట్టే శాతం కంటే తక్కువ. దీని మీద 2017లో కోర్టుకెక్కారు. 2024 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దావా నడవవచ్చంది. ఇళ్ళ బిల్లులు మాత్రం అలాగే వస్తున్నాయి.

టీచరమ్మ గారికి నచ్చే ముచ్చట ఇంకొకటి. ఇక్కడ సొంత ఫ్లాట్లకు కూడా, అవి అద్దె ఇళ్ళయితే ఎంత వచ్చేదో ఊహించి విలువ కట్టాలని చట్టం. సెంట్రల్ పార్కు ఎదుట కోట్ల డాలర్ల ఫ్లాటును ఎక్కడో అద్దె నియంత్రణ ఉన్న పాత బిల్డింగుతో పోలుస్తారు. మీ రూపాయి పది పైసలకు ఇక్కడ బంధువులున్నారు.

హిమాయత్‌నగర్ అక్క

నేనే ఆ అక్కను. ఫోనులో డబ్బు పంపడమంటే భయం కానీ చదవడమంటే కాదు. నీ మరదలు పంపింది లింకు.

నా ఇంటికి 32,000 అద్దె వస్తుందని రాశావు. ఎవరికి వస్తోందే? ఆ ఇంట్లో ఉంటున్నది నేను. నా చేతికి వచ్చేది మీ బావగారి కుటుంబ పింఛను. పై ఫ్లాటువాళ్ళు అద్దె ఇచ్చుకుంటున్నారని నా పన్ను రెట్టింపు చేస్తే, నేను వంటింటిని అద్దెకిచ్చి హాలులో పడుకోవాలా? నా ఇల్లు పెరిగింది అంటారు, మా ఇల్లు ఒక్క అంగుళం కూడా పెరగలేదు. చుట్టూ బట్టల కొట్లు పెరిగాయి, కార్లు పెరిగాయి. గట్టి వాన పడితే దోమలగూడ వైపు నాలా పొంగి మా వీధి చివరికి వస్తుంది, పాలవాడు రాడు. ఆ నీళ్ళకు కూడా రేటు కడతారా?

ఇంకొక మాట. 2001లో మేము ఇక్కడ కొన్నప్పుడు కాప్రాలో కొనమని నాన్న ఎంత చెప్పారో నీకు తెలుసు. అప్పు తీర్చడానికి పదిహేనేళ్ళు పట్టింది. నువ్వు మీ డాబా మీద నిలబడి గాలి బాగుంది, నిమ్మచెట్టు కాసింది అని ఫోటోలు పంపినప్పుడు నేను ఏ లెక్కా వేయలేదు.

రిటైరయిన పెద్దాయన చెప్పిన దాంట్లో ఒకటి నాకు నచ్చింది, నగరం నడిచింది, రిజిస్టరు కూర్చుంది అన్నది. ఇరవై ఏళ్ళు ఊరుకుని ఒక్కసారి పెంచితే నాలాంటివాళ్ళు చస్తారు. మొదటి నుంచీ రెండేళ్ళకు ఒకసారి నాలుగు పైసలు, అయిదు పైసలు పెంచుకుంటూ వస్తే నాకు తెలిసేది కూడా కాదు, కట్టేదాన్ని. ఇప్పుడు పెంచితే మాత్రం ధర్నాకు వస్తాను, కర్రతో సహా.

నా 4,409 కట్టావా లేదా?

కాప్రా టీచరమ్మ

కట్టానక్కా. రసీదు మరదలికి పంపాను, ప్రింటు తీసి ఇస్తుంది. అయిదు శాతం తగ్గింపు 220 కూడా నీ ఖాతాలోనే వేశాను, నా దగ్గర ఉంచుకోలేదు. నీ పన్ను రెట్టింపు చేయాలని నేను ఎక్కడా అనలేదు, నాది సగం చేయమన్నాను. రెండింటికీ తేడా లేదని నువ్వంటావు, నాకు తెలుసు.

గాజువాక వారికి, క్వీన్స్ వారికి ధన్యవాదాలు. అద్దె మీద వేసినా, విలువ మీద వేసినా, పెరగకుండా కట్టేసినా పెరిగే పేటవాడే బాగుపడుతున్నాడని మా ఎనిమిదో తరగతికి శాతాల పాఠంలో ఇచ్చేస్తాను. పాఠ్యపుస్తకంలో చక్రవడ్డీ లెక్కలు ఎవడికీ ఎక్కవు. ఏటా 15 శాతం చొప్పున అయిదేళ్ళకు 3,000 ఎంత అవుతుందో వాళ్ళ నాన్నల బిల్లులతో అయితే చక్కగా చేస్తారు.

పెద్దాయన గారికి: మీరు చెప్పినట్టే మా అపార్ట్‌మెంటులో నలుగురి బిల్లులు అడిగి చూశాను. అందరికీ రూపాయి పదే. పక్క అపార్ట్‌మెంటులోనూ అంతే. వీధిలో నేను చూపించగల తక్కువ రేటు ఒక్కటీ దొరకలేదు. ఇక మిగిలింది కొలత. ఆదివారం పొద్దున మావారు ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. కుట్టుమిషను డ్రాయరులో ఉండే టేపు, అయిదడుగులది. మొదటి అంగుళం ఉందో లేదో ముందే చూసుకున్నాను, ఉంది. గోడ గోడకూ గీతలు పెట్టుకుంటూ, మంచం జరిపి, బాల్కనీలో తులసికోట వెనక దూరి, బయట మెట్ల దగ్గర మా వాటా కలిపి రెండు గంటలు కొలిచాం. మావారు మొదటిసారి తప్పు చదివారని రెండోసారి కూడా కొలిచాం.

1,162 వచ్చింది. బిల్లులో ఉన్నదానికంటే పన్నెండు అడుగులు ఎక్కువ. ఏడాదికి 46 రూపాయలు.

టేపు చుట్టి డ్రాయరులో పెట్టేశాను. పిటిషను ఆలోచన ప్రస్తుతానికి లేదు. అక్కా, ఈ పన్నెండు అడుగుల మాట నీ దగ్గరే ఉంచు.